నాదానికి ఈడూజోడూ

గోల్కొండ కోట ముఖద్వారపు గుమ్మటం కింద నిలబడి చప్పట్లు చరిస్తే, ఆ సవ్వడి దాదాపు కిలోమీటరు దూరాన, కొండకొమ్మున ఉన్న బాలా హిస్సారు మండపం వద్ద వినిపిస్తుంది. శత్రువుల రాకను పైవారికి తెలియజేయడానికి ఈ ఏర్పాటు ఉపకరించేదని చెబుతారు. చప్పట్లు చరిచే చేతుల్లో అసాధారణమైన బలమేమీ లేదు. ధ్వని ఎంత గట్టిగా పుట్టిందన్న దానికంటే, అది పుట్టిన చోటుకూ చేరవలసిన చోటుకూ మధ్య పొత్తు ఎంత చక్కగా కుదిరిందన్నదే ముఖ్యమని ఆ రాతి గుమ్మటం చాటుతున్నది. ఇంట్లో సంగీతం వినడానికి స్పీకర్లను, యాంప్లిఫయర్‌ను ఎంచుకొనేవారికి కూడా ఇదే మూలసూత్రం.

1591లో చార్మినార్ చుట్టూ రూపుదిద్దుకొన్న హైదరాబాదు పాతబస్తీ నాదప్రియుల నెలవు. దర్గాల్లో ఖవ్వాలీ, పెళ్లి ఊరేగింపుల్లో అరబ్బు సంతతివారు తెచ్చిన మర్ఫా వాద్యఘోష ఇక్కడి జీవితంలో భాగాలు. హిందుస్తానీ గాయక సార్వభౌముడు బడే గులాం అలీ ఖాన్ 1968లో హైదరాబాదులోనే కన్నుమూసి, పాతబస్తీలోని దాయిరా మీర్ మోమిన్ శ్మశానవాటికలో శాశ్వత విశ్రాంతి పొందారు. అటువంటి గానాన్ని ఇంట్లో నిండుగా వినాలన్న కోరిక సహజం. ఆ కోరికతో మూసీ దాటి కోఠీలోని గుజరాతీ గల్లీ ఎలక్ట్రానిక్ దుకాణాలకు వెళ్లే మధ్యతరగతి కుటుంబం, నెలల తరబడి కూడబెట్టిన సొమ్మును వెచ్చిస్తుంది. ఎంపికలో పొరపాటు జరిగితే ఆ సొమ్ముతోపాటు సంగీతానందం కూడా చేజారుతుంది.

యాంప్లిఫయర్ అంటే వర్ధకం. రికార్డు నుంచో, రేడియో నుంచో వచ్చే బలహీనమైన విద్యుత్ సంకేతాన్ని అది బలపరుస్తుంది. ఆ విద్యుత్తు స్పీకరులోని తీగచుట్ట గుండా ప్రవహించినప్పుడు, చుట్టూ ఉన్న అయస్కాంత క్షేత్రం వల్ల తీగచుట్ట ముందుకూ వెనకకూ కదులుతుంది. దానికి అతికిన కాగితపు శంకువు గాలిని కంపింపజేసి ధ్వనిని పుట్టిస్తుంది. అమెరికా ఇంజనీర్లు చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెలాగ్ 1925లో వెలువరించిన ఈ నమూనాయే నేటికీ అత్యధిక స్పీకర్లకు ఆధారం. మంద్రస్వరాలను పలికించే పెద్ద శంకువును వూఫర్ అనీ, తారస్వరాలను పలికించే చిన్నదానిని ట్వీటర్ అనీ అంటారు.

పెళ్లి సంబంధాలలో పెద్దలు ఈడూజోడూ చూసినట్లే, ఈ రెండింటి కలయికలోనూ మూడు విషయాలు పరిశీలించాలి. మొదటిది అవరోధం. దీనిని ఓమ్‌లలో కొలుస్తారు. ఇళ్లలో వాడే స్పీకర్లపై సాధారణంగా 4, 6 లేదా 8 ఓమ్‌లని రాసి ఉంటుంది. యాంప్లిఫయర్ 20 వోల్టులు అందిస్తున్నదనుకుంటే, 8 ఓమ్‌ల స్పీకరు 2.5 ఆంపియర్ల విద్యుత్తును తీసుకొంటుంది. అంటే 50 వాట్లు. అదే 4 ఓమ్‌ల స్పీకరయితే 5 ఆంపియర్లు, 100 వాట్లు లాగుతుంది. అంత భారాన్ని మోయలేని యాంప్లిఫయర్ వేడెక్కి పాడైపోవచ్చు. రెండు 8 ఓమ్‌ల స్పీకర్లను ఒకే జత కొనలకు సమాంతరంగా కలిపితే ఫలిత అవరోధం 4 ఓమ్‌లకు దిగుతుందని మరువరాదు. కనుక యాంప్లిఫయర్ వెనుక సూచించిన కనిష్ఠ ఓమ్‌ల కంటే తక్కువ అవరోధం గల స్పీకర్లను దానికి తగిలించకూడదు.

రెండవది శక్తి. కొన్ని చవక సెట్ల పెట్టెలపై వేల వాట్ల పీఎంపీవో అంకెలు మెరుస్తుంటాయి. అవి క్షణకాలపు గరిష్ఠ శక్తిని ఊహించి వేసిన అంకెలే తప్ప, వాటికి సర్వామోదం పొందిన ప్రమాణం లేదు. కొనేవారు అడగవలసింది నిరంతరంగా అందే శక్తిని తెలిపే ఆర్‌ఎంఎస్ అంకెను. స్పీకరు చెడడానికి అధిక శక్తి మాత్రమే కారణమని చాలామంది భావిస్తారు. కానీ చిన్న యాంప్లిఫయర్‌ను దాని శక్తికి మించి మోగించినా ప్రమాదమే. అప్పుడు సంకేత తరంగాల శిఖరాలు తెగి చదునవుతాయి. దీనినే క్లిప్పింగ్ అంటారు. ధ్వని బొంగురుపోతుంది. తరంగాల సగటు శక్తి, అందులోని అధిక పౌనఃపున్యాల పాలు పెరిగి, ట్వీటర్‌లోని సన్నని తీగచుట్ట కాలిపోయే అవకాశం ఉంది. అందువల్ల స్పీకరు భరించగల నిరంతర శక్తికి సమానంగానో, కొంచెం ఎక్కువగానో సామర్థ్యం గల యాంప్లిఫయర్‌ను ఎంచుకొని, దానిని మితంగా వాడడం మేలు.

మూడవది సున్నితత్వం. ఒక వాటు శక్తి ఇచ్చినప్పుడు ఒక మీటరు దూరంలో ఎన్ని డెసిబెల్‌ల ధ్వని వినిపిస్తుందో ఈ అంకె చెబుతుంది. శక్తి రెట్టింపయితే పెరిగేది 3 డెసిబెల్‌లు మాత్రమే. కాబట్టి 92 డెసిబెల్‌ల స్పీకరు 10 వాట్లతో ఇచ్చే ధ్వనిని 86 డెసిబెల్‌ల స్పీకరు నుంచి రాబట్టాలంటే 40 వాట్లు కావాలి. వాట్ల అంకెను మాత్రమే చూసి బేరమాడేవారు ఈ చిన్న అంకెను గమనించక నష్టపోతారు.

లెక్కలు సరిపోయినంత మాత్రాన నాదం సరిపోయిందని చెప్పలేము. లెక్కలు యంత్రాలకు హాని జరగకుండా కాపాడుతాయి. నచ్చే నాదమేదో తేల్చేది చెవి. అయితే ఆ చెవిని మోసగించడం ఎంతో సులభం. రెండు స్పీకర్లలో కొద్దిపాటి బిగ్గరగా మోగినదే మేలైనదిగా తోస్తుంది. కనుక శ్రవణ పరీక్షలో తొలి నియమం రెండింటి ధ్వనినీ సమాన స్థాయికి తేవడం. ధ్వనిమాపకంతో దీనిని సరిచూడవచ్చు. ఒకే పాటలోని ఒకే భాగాన్ని మార్చి మార్చి వినాలి. ఏది ఖరీదైనదో తెలియకుండా స్పీకర్ల ముందు పలుచని పరదా వేయించగలిగితే తీర్పు మరింత నిష్పాక్షికంగా ఉంటుంది.

కూర్చునే తీరుకూ ప్రాధాన్యం ఉంది. రెండు స్పీకర్లు, శ్రోత ఒక సమబాహు త్రిభుజపు మూడు మూలల్లో ఉండాలి. ట్వీటర్ చెవి ఎత్తులో ఉండాలి. అప్పుడు గాయకుని గొంతు రెండు స్పీకర్ల నడుమ నుంచి వచ్చినట్లు వినిపించాలి. అలా కాక గొంతు ఎక్కడుందో తెలియక, మంద్రస్వరాలు పలచబడితే, ఎరుపు, నలుపు తీగలు ఒక స్పీకరుకు తారుమారై ఉండవచ్చు. వెంటనే సరిచూడాలి.

పరీక్షకు ఎంచుకొనే సంగీతం బాగా పరిచయమైనదై ఉండాలి. బడే గులాం అలీ ఖాన్ వంటి గాయకుని పాత రికార్డులో స్వరం మంద్రం నుంచి తారానికి సాగేటప్పుడు గొంతు స్వభావం మారకుండా ఉన్నదా అని గమనించాలి. మర్ఫాలో ప్రతి దెబ్బా విడివిడిగా తెగి వినిపించాలి. ఒకదానిలోకి మరొకటి జారి గుమగుమలాడకూడదు. ఖవ్వాలీలో హార్మోనియం, తబలా, చప్పట్లు, బృందగానం ఏకమై హోరెత్తినా, ప్రధాన గాయకుని మాటలు స్పష్టంగా అర్థం కావాలి. తక్కువ ధ్వనిలోనూ ఈ గుణాలు నిలిస్తే ఆ జోడు కుదిరినట్లే.

దుకాణంలో మెప్పించిన ధ్వని ఇంటికి రాగానే మారిపోవడం కద్దు. దానికి కారణం గది. షాబాదు బండలు పరిచిన నేల, సున్నపు గోడలు ధ్వనిని పరావర్తనం చెందిస్తాయి. ఎదురెదురు గోడల మధ్య 3 మీటర్ల దూరముంటే, సుమారు 57 హెర్ట్జ్‌ల వద్ద అనునాదం ఏర్పడి ఆ ఒక్క స్వరం ఉబ్బినట్లు వినిపిస్తుంది. గది చతురస్రమయితే ఈ దోషం ఇనుమడిస్తుంది. స్పీకరును మూలకు నెడితే మంద్రం మితిమీరుతుంది. గోడకు కొంత ఎడంగా జరిపి, నేలపై జంపఖానా పరిచి, కిటికీలకు మందపాటి పరదాలు కడితే, వేలు ఖర్చు చేయకుండానే నాదం తేటపడుతుంది. వీలైతే ఇంట్లో విని చూశాకే కొనడం శ్రేయస్కరం.

పాతబస్తీ గల్లీలలో ఒక ఇంటి గోడే పక్క ఇంటికీ గోడ. ఒకరి వినోదం మరొకరి నిద్రను, విద్యార్థి చదువును, రోగి విశ్రాంతిని హరించరాదు. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్‌లను పరిమితిగా నిర్ణయించాయి. ఇంటిలోని ధ్వని పరికరాల వల్ల సరిహద్దు వద్ద శబ్దం ఆ పరిమితిని 5 డెసిబెల్‌లకు మించి దాటకూడదు.

ఇతరుల చెవులే కాదు, వినేవారి చెవులూ విలువైనవే. 80 డెసిబెల్‌ల ధ్వనిని వారానికి 40 గంటల వరకు పెద్దలు క్షేమంగా వినవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. ధ్వని 3 డెసిబెల్‌లు పెరిగితే ఆ వ్యవధి సగానికి, అంటే 20 గంటలకు తగ్గుతుంది. యాంప్లిఫయర్ శక్తిని రెట్టింపు చేస్తే పెరిగేది సరిగ్గా ఆ 3 డెసిబెల్‌లే. చెవికి అది స్వల్పమైన పెరుగుదలగానే తోస్తుంది. కానీ చెవిలోని సున్నితమైన కణాలపై పడే భారం రెట్టింపవుతుంది. ఒకసారి నశించిన ఆ కణాలు మళ్లీ పుట్టవు. పాడైన స్పీకరును మార్చుకోవచ్చు, చెవిని మార్చుకోలేము. అందుచేత వాట్ల కోసం కాక పొందిక కోసం వెదకడమే విజ్ఞత. జోడు కుదిరిన చోట చిన్న ధ్వనిలోనే సంగీతం నిండుగా పలుకుతుంది.