అభయారణ్యములో విడిది, ఆయుధము: పంచాయతీ సభ్యులు ఎరుగవలసిన నియమములు

వన్యప్రాణి సంరక్షణ చట్టము 1972లో వచ్చినది. దానికి 2022లో చేయబడిన సవరణలు 2023 ఏప్రిల్ 1వ తేదీ నుండి అమలులో నున్నవి. నల్లమలలోని నాగార్జునసాగర్-శ్రీశైలము, అమ్రాబాద్ అడవులు, కవ్వాల్, గోదావరి తీరమున పాపికొండలు మొదలగు చోట్ల పొలిమేర గ్రామములవారికి ఈ చట్టముతో నిత్యమును పని యుండును. అడవిలో ఒక రాత్రి విడిది చేయుటకు చీటీ ఏల? పొలము కాపుకొనుటకు తుపాకి ఉండగూడదా? ఈ ప్రశ్నలు మొదట వచ్చునది పంచాయతీ సభ్యుల యొద్దకే. కనుక సంగతిని ఇచ్చట వివరించుచున్నాము.

అభయారణ్యములో ప్రవేశించుటకు హక్కు గలవారు కొలదిమందియే. విధిలో నున్న ప్రభుత్వోద్యోగి, లోపల స్థిరాస్తి హక్కు గలవారు, అనుమతి పొంది నివసించువారు, వీరి ఆశ్రితులు, ప్రజామార్గము వెంట పోవు బాటసారి. బాటసారికి గల హక్కు బాట మేరకే. బండి ఆపి చెట్టుక్రింద పొయ్యి వెలిగించి, చాప పరచి పండుకొనినచో అతడు బాటసారి కాడు. లోపల ప్రవేశించుటకును, బస చేయుటకును అనుమతి పత్రము కావలెను. వన్యప్రాణులను గూర్చిన అధ్యయనము, ఛాయాచిత్రములు తీయుట, శాస్త్ర పరిశోధన, పర్యటన, లోపలి నివాసులతో న్యాయమైన వ్యవహారము, ఈ పనులకే అది లభించును.

విడిదితో వచ్చు పెద్ద చిక్కు నిప్పు. శివరాత్రికి, ఉగాదికి వేలాది భక్తులు నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను మీదుగా కాలినడకను శ్రీశైలము చేరుదురు. చైత్ర పౌర్ణమికి సలేశ్వరము జాతర జరుగును. సరిగా అప్పటికే ఆకురాలి, గడ్డి ఎండి, అడవి నిప్పునకు సిద్ధముగా నుండును. ఆర్పక విడిచిన పొయ్యిలోని నిప్పు గాలికి లేచినచో అంతట ఆగదు. అభయారణ్యమునకు ప్రమాదము కలుగునట్లు నిప్పు పెట్టుట, రాజవేయుట, మండుచుండగా వదలిపోవుట అన్నియు నేరములే. అన్నదానము చేయదలచిన సంఘములు రేంజి అధికారి చూపిన చోటనే వంట సాగించునట్లు పంచాయతీ ముందుగా మాటలాడుట మంచిది. జాతర నాడు వాదులాడుటకంటె పది దినములు ముందు ఒక ఉత్తరము వ్రాయుట సులభము కదా!

ఇక ఆయుధము. చాలమంది ఆయుధమనగా తుపాకి యని తలంచుచున్నారు. చట్టము అట్లు తలంపలేదు. మందుగుండు, విల్లంబులు, పేలుడు పదార్థములు, గాలములు, కత్తులు, వలలు, విషము, ఉచ్చులు, బోనులు, జంతువును మత్తుపరచుటకు గాని, మభ్యపెట్టి రప్పించుటకు గాని, చంపుటకు గాని పనికివచ్చు ఏ సాధనమైనను ఆయుధమే. ముందుగా వ్రాతమూలకమైన అనుమతి లేక వీనితో అభయారణ్యములో ప్రవేశింపరాదు. చేపల వలతో వాగులో దిగినవాడును, చంకలో కత్తితో పోవు తేనె సేకరించువాడును ఈ నిర్వచనములోనికి వత్తురు. 2006 నాటి అటవీ హక్కుల చట్టము చిన్నతరహా అటవీ ఫలసాయముపై హక్కు నొసగినది. వేటాడు హక్కును మాత్రము ఒసగలేదు. కనుక చెంచుల వంటి హక్కుదారుల జాబితాను జతపరచి, పనిముట్లకు అనుమతిని గ్రామము పక్షమున ఒక్కమారుగా కోరుట మేలని మా అభిప్రాయము. ఒక్కొక్కరు తనిఖీలో పట్టుబడి సంజాయిషీ చెప్పుకొను అవస్థ తప్పును.

లైసెన్సు గల తుపాకులకును నియమము కలదు. ఒక ప్రాంతము అభయారణ్యముగా ప్రకటింపబడిన మూడు నెలలలో, లోపలను, చుట్టును 10 కిలోమీటర్ల లోపలను నివసించు తుపాకి లైసెన్సుదారులు తమ పేరు నమోదుకు దరఖాస్తు చేయవలెను. ఆ మేరలో ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి సమ్మతి లేక క్రొత్త లైసెన్సు ఇయ్యరాదు. 2022 సవరణ దీనికి మరొకటి చేర్చినది: పాత లైసెన్సును పునరుద్ధరించునప్పుడును ఆ అధికారికి గాని, అధికారము పొందిన వేరొకరికి గాని తెలియపరచవలెను.

అడవిపందులు వేరుసెనగను, మొక్కజొన్నను త్రవ్విపోసినప్పుడు రైతు పడు బాధ చిన్నది కాదు. పైరునకు నష్టము చేయు జంతువు విషయములో అధికారి కారణములు వ్రాసి చంపుటకు అనుమతి ఇచ్చు మార్గము చట్టములోనే యున్నది. ప్రాణాపాయములో సద్బుద్ధితో ఆత్మరక్షణకై చంపుట నేరము కాదు. కాని కంచెకు కరెంటు తగిలించుట మాత్రము ఏ నియమమునకును లోబడదు. ఆ తీగకు పంది, పులి, తెల్లవారుజామున నీరు కట్టుటకు వచ్చిన పొరుగు రైతు, అందరును ఒక్కటే. ఇట్టి తీగలను తీయించు పనిలో సభ్యులు మొగమాటపడగూడదు.

సామాన్యముగా ఈ చట్టోల్లంఘనకు 3 సంవత్సరముల వరకు ఖైదు గాని, లక్ష రూపాయల వరకు జుర్మానా గాని, రెండును గాని విధింతురు. అభయారణ్యములో వేటాడినచో 3 నుండి 7 సంవత్సరముల ఖైదు, 25 వేలకు తక్కువ కాని జుర్మానా. నేరమునకు వాడిన తుపాకి లైసెన్సును న్యాయస్థానము రద్దుచేసి, అయిదేండ్ల వరకు మరల ఇయ్యకుండ ఉత్తరువు చేయవచ్చును.

ఇవి యన్నియు నిషేధములే యని తలంపవలదు. స్థానికులు త్రాగుటకును, ఇంటి వాడుకకును నీరు తీసికొనుట నిషిద్ధము కాదని 2022 సవరణ స్పష్టపరచినది. షెడ్యూల్డు ప్రాంతములలోను, అటవీ హక్కుల చట్టము వర్తించు చోట్లను అభయారణ్య నిర్వహణ ప్రణాళికను గ్రామసభతో సంప్రదించియే తయారుచేయవలెను. అభయారణ్య సలహా సంఘములో పంచాయతీరాజ్ సంస్థల ప్రతినిధులు ముగ్గురికి స్థానము కలదు. తమ ప్రాంతమున ఆ ముగ్గురు ఎవరో సభ్యులు డివిజను అటవీ కార్యాలయములో విచారించి, జాతర విడిదిని గూర్చియు, పనిముట్ల అనుమతిని గూర్చియు తమ గ్రామసభ తీర్మానములను వారికి అందజేయవచ్చును.