ఇంట గలగల, బడిలో మూగనోము

భవానీపురములో ఒక ఐదేండ్ల బాలిక ఉన్నదనుకొందము. ఇంటిలో ఆమె వసపిట్ట. తమ్మునికి కథలు చెప్పును, నాయనమ్మతో వాదులాడును, కృష్ణ ఒడ్డునకు తీసికొనిపోయినచో అడుగడుగునకు ప్రశ్నలు వేయును. బడి వాకిలి దాటగానే ఆ నోరు మూతపడును. పంతులమ్మ హాజరు పిలిచినను పలుకదు. దాహమైనను నీరడుగదు, కడుపు నొప్పి వచ్చినను చెప్పదు. మూడు నెలలు గడచినను ఇదే తీరు. “మొండిఘటము” అని బడివారు, “సిగ్గు, అదే పోవును” అని ఇంటివారు అందురు. ఈ రెండు మాటలును సరికావు.

ఇట్టి స్థితిని వైద్యులు సెలెక్టివ్ మ్యూటిజమ్ అందురు. మనము సందర్భ మౌనము అనవచ్చును. మాటలాడు శక్తి ఉండియు, కొన్ని చోట్ల, కొందరి ఎదుట మాత్రము ఎప్పుడును మాటలాడలేకపోవుట దీని లక్షణము. ఇది కనీసము ఒక నెల సాగి, చదువునకో స్నేహములకో అడ్డు వచ్చినప్పుడే రుగ్మతగా ఎంచుదురు. బడిలో చేరిన మొదటి నెలను లెక్కకు తీసికొనరు. క్రొత్త చోట బెదురు సహజము కదా! పెక్కు పరిశీలనలలో నూటికి ఒకరికంటె తక్కువమంది పిల్లలలోనే ఇది కనబడినది. బాలురకంటె బాలికలలో కొంచెము హెచ్చు. సాధారణముగా ఐదేండ్లలోపే మొదలగును గాని, బడిలో చేరిన పిదపనే బయటపడును.

దీని పేరునకు ఒక చరిత్ర కలదు. 1877లో జర్మను వైద్యుడు అడాల్ఫ్ కుస్మాల్ పెట్టిన పేరునకు, బుద్ధిపూర్వకముగా మాటలాడకుండుట అని భావము. 1934లో స్విట్జర్లండు వైద్యుడు మోరిట్జ్ ట్రామర్ పెట్టిన పేరులోను, బిడ్డ తానే కోరి మౌనము పట్టినదను తలంపే ఉన్నది. 1994లో అమెరికా మానసిక వైద్యుల సంఘము ఆ పేరును మార్చెను. 2013లో దీనిని ఆందోళన రుగ్మతలలో చేర్చెను. 2022 నుండి అమలులోనున్న ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణము కూడ అట్లే చేసినది. అనగా, మాటలాడనని పట్టుపట్టిన బిడ్డ కాదు, మాటలాడలేని బిడ్డ అని శాస్త్రము నేడు చెప్పుచున్నది.

భయము కలిగినప్పుడు కొందరు పరుగెత్తుదురు. కొందరు కొయ్యబారి నిలిచిపోవుదురు. ఈ పిల్లలకు కొయ్యబారునది గొంతు. ఇచ్చట ఒక చక్రము ఏర్పడును. ఎవరో ప్రశ్న వేయుదురు, బిడ్డకు భయము పుట్టును, మాట రాదు. చూడలేక తల్లియో, తోటి పిల్లయో బదులు చెప్పును. ప్రశ్న తప్పిపోయినది, భయము దిగిపోయినది, ప్రాణము కుదుటపడినది. మౌనము వలన ఊరట కలుగునని మనస్సు నేర్చుకొన్నది. మరునాడు ఆ మౌనము మరింత గట్టిపడును. కసరుట భయమును పెంచును; జాలితో బదులు చెప్పుట మౌనమును పెంచును.

చికిత్సకు ముందు పరీక్ష అవసరము. వినికిడి లోపము, భాషాలోపము, ఆటిజమ్ వంటివి ఉన్నవేమో చూడవలెను. ఇంట ఉర్దూ మాటలాడు బిడ్డ తెలుగు బడిలోను, తెలుగు బిడ్డ ఇంగ్లీషు బడిలోను క్రొత్త భాష పట్టుబడువరకు కొంతకాలము ఊరకుండవచ్చును. అది రుగ్మత కాదు. బిడ్డ ఇంట మాటలాడునప్పుడు సెల్‌ఫోనులో రికార్డు చేసి వైద్యునికి వినిపించిన మేలు. వస నాకించుట మన ఇండ్లలో వాడుక గాని, ఇచ్చట దోషము నాలుకది కాదు. వస దీనికి మందు కాదు.

చికిత్సలోని కీలకము మెట్లు మెట్లుగా భయమును దాటించుట. బడి విడిచిన పిదప ఖాళీ తరగతిలో తల్లీబిడ్డలు అష్టాచెమ్మా ఆడుదురుగాక. పడిన గవ్వలను పైకి లెక్కించుటయే పని. గొంతు సాఫీగా వచ్చిన పిమ్మట పంతులమ్మ వాకిట నిలుచును. మరునాడు లోనికి వచ్చి తన పని చూచుకొనును. ఆపై ప్రక్కన కూర్చుండును. తుదకు తానును గవ్వలు వేయును. అప్పుడు తల్లి మెల్లగా దూరము జరుగును. తరువాత ఒక తోటి పిల్ల చేరును. మనిషి, చోటు, పని అను మూడింటిలో ఒక్కసారికి ఒక్కటే మార్చవలెను. బెదిరినచో ఒక మెట్టు దిగవలెను.

తరగతిలో “పాలు కావలెనా, నీరు కావలెనా?” వంటి ప్రశ్న వేసి, అయిదారు క్షణములు ఓపికతో ఆగవలెను. మొదటి మాట వచ్చినప్పుడు చప్పట్లు కొట్టరాదు. పదిమంది చూపులే ఆ బిడ్డకు భయము. నిలువబెట్టి పలికించుట, ఎగతాళి చేయుట అసలే కూడదు. 2010 నుండి అమలులోనున్న విద్యాహక్కు చట్టపు 17వ విభాగము కొట్టుటనే కాక మానసిక వేధింపును కూడ నిషేధించినది. మాట వచ్చులోపల, మరుగుదొడ్డికి పోవుటకు, నొప్పి తెలుపుటకు ఒక బొమ్మకార్డో, సైగయో ఏర్పరుపవలెను.

ఈ పద్ధతి చాలనప్పుడు మానసిక వైద్యులు ఫ్లూయాక్సిటిన్ వంటి మందులు వాడుదురు, సొంతముగా వాడరాదు. విజయవాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగము కలదు. 2022లో ప్రారంభమైన టెలీమానస్‌కు 14416 నంబరున ఫోను చేసి, రేయింబవళ్లు ఉచితముగా సలహా పొందవచ్చును.

పెద్దయినచో అదే పోవునని ఏండ్లు గడుపుట ప్రమాదము. మౌనము అలవాటైనకొలది చికిత్స కష్టమగును. ఆ లోపల చదువు, స్నేహములు వెనుకబడును. చిన్ననాడే కనిపెట్టి, ఇల్లును బడియును ఒక్కమాటపై నిలిచినచో పెక్కుమంది పిల్లలు కోలుకొందురు. కావున హాజరు పిలిచినప్పుడు పలుకని బిడ్డను శిక్షించుటకు ముందు, ఇంట ఎట్లు మాటలాడునని తల్లిని అడిగి తెలిసికొనుట ప్రతి ఉపాధ్యాయునికిని కర్తవ్యము.