కంటి ఇంజెక్షన్‌కు ముందు పాత వ్యాధి వివరాలు తెలపాలి
వైరస్ తిరగబెట్టకుండా తీసుకోవలసిన జాగ్రత్తలు

(ప్రత్యేక వ్యాసం)

పరిగి: మధుమేహం కారణంగా రెటీనా వాచి చూపు మందగించిన వారికి కంటిలోనికి నేరుగా మందు ఇంజెక్షన్ ఇచ్చే చికిత్స నేడు విస్తృతంగా అమలులో ఉంది. చూపును నిలిపే ఈ చికిత్స, గతంలో వైరస్ సోకిన కంటిలో పాత వ్యాధిని తిరిగి రేపే అవకాశం ఉంది. ఇది అరుదైనదే అయినా, ముందుగా తెలిసినట్లయితే చాలావరకు నివారించదగినది.

ఇందుకు ప్రధాన కారకం హెర్పిస్ సింప్లెక్స్ వైరస్. ఒకసారి సోకిన తరువాత ఇది శరీరాన్ని విడిచిపోదు. కంటిలోని పుండు మానినప్పటికీ, ముఖానికి స్పర్శజ్ఞానం కలిగించే నరం మూలంలో ఏళ్ల తరబడి నిద్రాణంగా ఉంటుంది. అదను దొరికినపుడు అదే నరం వెంట మళ్లీ కంటికి చేరుతుంది. పుండు పదేపదే తిరగబెడితే కార్నియాపై మచ్చ ఏర్పడుతుంది. పల్లెల్లో దీనినే ‘కంట్లో పువ్వు’ అంటారు.

ట్రయామ్సినలోన్ వంటి స్టెరాయిడ్ మందులు వాపును తగ్గించేది రోగనిరోధక చర్యను అణచడం ద్వారానే. కంటిలోనికి ఎక్కించిన ఈ మందు ప్రభావం సుమారు మూడు నెలలు ఉంటుంది. చుక్కల మందునైతే వైద్యుని సలహాపై తగ్గించవచ్చును గాని, లోపలికి ఎక్కించిన మందును వెనక్కు తీయడం సులభం కాదు. కనుక జాగ్రత్త ముందుగానే వహించవలసి ఉంటుంది. బెవాసిజుమాబ్ వంటి మందులు స్టెరాయిడ్ వర్గానికి చెందవు. అవసరాన్ని బట్టి వైద్యుడు వీటిని పరిశీలించగలరు. అయితే వీటి తరువాత సైతం కంటిని గమనిస్తూ ఉండవలసిందే.

హెర్పిస్ కంటి వ్యాధి వచ్చి తగ్గిన 703 మందిపై అమెరికాలో జరిగిన అధ్యయనం ఫలితాలు 1998లో వెలువడ్డాయి. ఎసైక్లోవిర్ 400 మిల్లీగ్రాముల మాత్రను రోజుకు రెండుసార్లు వాడినవారిలో 12 నెలల కాలంలో 19 శాతం మందికి, వాడనివారిలో 32 శాతం మందికి వ్యాధి తిరగబెట్టింది. ఇంజెక్షన్‌కు ముందు నుండి ఇటువంటి మాత్రలు ఇవ్వడానికి ఇదే ఆధారం. మధుమేహంతో మూత్రపిండాలు దెబ్బతిన్నవారికి మాత్రం మోతాదు తగ్గించాలి.

శ్రీ సత్యసాయి జిల్లా పరిగి వంటి మండలాల వారికి కంటి వైద్యం హిందూపురం, పుట్టపర్తి, అనంతపురం, బెంగళూరులలో వేర్వేరు చోట్ల అందవచ్చును. ఒకచోట పుండుకు చికిత్స పొంది, ఏళ్ల తరువాత మరొకచోట ఇంజెక్షన్ తీసుకునే రోగి వెంట పాత చీటీ ఉండకపోవచ్చు. కావున గతంలో కంటిలో పుండు, పువ్వు, నుదుటిపై సర్పి వచ్చి ఉంటే రోగి తానుగా తెలపాలి; వైద్య సిబ్బంది తప్పక అడగాలి.

ఇంజెక్షన్ తరువాత కన్ను ఎర్రబడినా, నొప్పి పెట్టినా, వెలుతురు చూడలేకపోయినా, చూపు మసకబారినా అదే రోజు కంటి వైద్యుని సంప్రదించాలి. మందుల దుకాణంలో సొంతంగా స్టెరాయిడ్ చుక్కలు కొని వాడరాదు. భయంతో ఇంజెక్షన్ మానుకోవడం కూడా చూపుకు ముప్పే.