పాత వాల్వుల డిటెక్టర్ చెప్పే జగర్గుండా లెక్క

దంతెవాడ నుంచి జగర్గుండా వెళ్లే దారిలో, అరన్‌పూర్ దగ్గర 2023 ఏప్రిల్ 26న మందుపాతర పేలి 10 మంది డీఆర్‌జీ జవాన్లు, వాహనం డ్రైవర్ చనిపోయారు. రోడ్డు కింద సొరంగంలా తవ్వి దాన్ని పెట్టారని పోలీసులు చెప్పారు. మెటల్ డిటెక్టర్లున్నా ఇలాంటివి ఎందుకు దొరకవు?

రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం వాడిన ఎస్‌సీఆర్-625ను బాగుచేస్తే కారణం బోధపడుతుంది. తేమకు పాడైన కెపాసిటర్లు మార్చాలి. వంద వోల్టులు దాటిన దాని బ్యాటరీకి బదులు చిన్నవి వరసగా కలపాలి. ఇదంతా తేలికే. అసలు పని కాయిళ్లను సరితూచడం. లోహం లేనిచోట హెడ్‌ఫోన్‌లో మోత దాదాపు అణగాలి. దగ్గర్లో లోహముంటే ఆ తూకం చెడి మోత పెరుగుతుంది.

ఎంత సరిచేసినా లోతు పెరిగేకొద్దీ సిగ్నల్ చాలా వేగంగా పడిపోతుంది. లోహం తక్కువైనా అంతే. జర్మన్లు చెక్కపెట్టెల్లో మందుపాతరలు చేసింది అందుకే. వాల్వులు పోయి చిప్‌లు వచ్చాయి, సున్నితత్వం పెరిగింది. ఈ లెక్క మాత్రం మారలేదు. అందుకే బస్తర్‌లో జవాన్లు ఇప్పటికీ జాగిలాలను వెంటబెట్టుకుని, కొత్తగా తవ్విన మట్టినీ, వైర్లనూ కళ్లతో వెతుకుతారు. కట్టెలకూ తునికాకుకూ అడవిలోకి వెళ్లే ఆదివాసీల దగ్గర అవేవీ ఉండవు.