కష్టమే... కానీ ఎలాంటి కష్టం?

'ఈ ప్రాజెక్ట్ కోసం చాలా కష్టపడ్డాను సర్'. ఈ ముక్కని ఇంటర్వ్యూలో ఇంగ్లిష్‌లో ఎలా చెబుతారు? నా మొదటి ఇంటర్వ్యూలో నేను 'ఐ హార్డ్‌లీ వర్క్‌డ్ ఆన్ దిస్ ప్రాజెక్ట్' అన్నాను. హార్డ్‌లీ అంటే దాదాపు లేనట్టే. అంటే పనేం చేయలేదని నా నోటితో నేనే ఒప్పుకున్నానన్నమాట! 'ఐ వర్క్‌డ్ వెరీ హార్డ్' అంటే సరిపోయేది.

మనకి లెక్కా కష్టమే, ప్రయాణమూ కష్టమే, బతుకూ కష్టమే. ఇంగ్లిష్‌లో మాత్రం కష్టాన్ని బట్టి మాట మారుతుంది. బ్యాంక్, ఎస్‌ఎస్‌సీ పరీక్షలకు చదివేవాళ్లకి పర్యాయపదాల్లో తగిలే మాట ఒకటుంది: ఆర్డ్యుయస్. స్పెల్లింగ్ ఏ, ఆర్, డి, యు, ఓ, యు, ఎస్. దీని మూలమైన లాటిన్ మాటకి నిటారుగా ఉన్న, ఎత్తైన అని అర్థం. కొండ ఎక్కుతున్నట్టు చాలాసేపు ఓపిక పట్టి చేయాల్సిన పని అన్నమాట. డెల్టాలో మనకి కొండలెక్కడివి? ఏటికి ఎదురీత అనుకోండి, గుర్తుంటుంది.

ఇంకా బాగా గుర్తుండాలంటే ధవళేశ్వరం తలుచుకోండి. ఆర్థర్ కాటన్ 1847లో ఆనకట్ట మొదలుపెడితే పూర్తయ్యేసరికి 1852 వచ్చింది. మధ్యలో లంకలు, నాలుగు ముక్కలుగా కట్టాల్సిన ఆనకట్ట, కింద ఇసుక, ఏటా వరద. 'బిల్డింగ్ ది ఆనికట్ వాజ్ యాన్ ఆర్డ్యుయస్ టాస్క్'. ఇక్కడ డిఫికల్ట్ అన్నా తప్పు కాదు, కానీ ఆ అయిదేళ్లు అందులో కనిపించవు. (ఆనికట్ మాట ఇంగ్లిష్‌కి వెళ్లింది మన దక్షిణాది నుంచే.)

టాస్క్, జర్నీ, క్లైంబ్, ప్రాసెస్ లాంటి మాటల ముందు ఇది చక్కగా కుదురుతుంది. రెండు నిమిషాల్లో తేల్చాల్సిన ప్రశ్నకి వాడకండి, అది డిఫికల్ట్ క్వశ్చన్ లేదా టఫ్ క్వశ్చన్. మొండి మనిషికీ వాడరు, అతను డిఫికల్ట్ పర్సన్. ఒళ్లు అలిసే వ్యాయామానికి స్ట్రెన్యువస్ ఇంకా బాగుంటుంది. రెండేళ్లు గ్రూప్స్‌కి చదివారా? నిస్సంకోచంగా ఆర్డ్యుయస్ ప్రిపరేషన్ అనొచ్చు.

పెద్ద మాట కదా అని రెజ్యూమెలో మాత్రం చల్లేయకండి. వారంలో చేసిన మినీ ప్రాజెక్ట్‌కి ఇది తగిలిస్తే నవ్వుతారు. నిజంగా నలిగిన పని ఉంటే 'ది టెస్టింగ్ ఫేజ్ వాజ్ లాంగ్ అండ్ ఆర్డ్యుయస్' అనండి. ఎన్ని వారాలు పట్టింది, ఎక్కడ ఆగింది, ఎలా సరిచేశారు అన్నది కూడా నోట్లో ఉంచుకోండి. తర్వాతి ప్రశ్న అదే.