అక్క చెప్పిన హిందీ

మా వీధి మొత్తానికి ఒక్కటే టీవీ. రైసుమిల్లు వాళ్ల వసారాలో, చెక్క తలుపుల పెట్టెలో ఉండేది. దూరదర్శన్‌లో 1985లో ‘విక్రమ్ ఔర్ బేతాల్’ మొదలైనప్పుడు మా పిల్లమూకలో హిందీ తెలిసింది మా అక్క ఒక్కతికే. హిందీ ప్రచార సభ ప్రాథమిక, మధ్యమ పాసై రాష్ట్రభాషకు చదువుతోంది. చాప మీద మా మధ్య కూర్చుని మాటమాటకీ తెలుగు చెప్పేది.

విక్రమార్కుడి దగ్గర మాత్రం అక్కతో పెద్దగా పని పడలేదు. చెట్టు మీంచి శవాన్ని దించి భుజాన వేసుకుని నడిచే రాజు మాకు ‘చందమామ’లోనే చుట్టం. శంకర్ గారి బొమ్మలో కత్తి పట్టుకుని నిలబడ్డవాడే అరుణ్ గోవిల్ రూపంలో కదిలాడు. బేతాళుడు ప్రశ్న వేయగానే, అక్క నోరు తెరవకముందే ఎవడో ఒకడు జవాబు అరిచేవాడు. రాజు మాట్లాడితే బేతాళుడు చెట్టెక్కేస్తాడు, తెలిసీ మాట్లాడకపోతే తల పగులుతుంది. ఏది జరగాలని కోరుకోవాలో తేలక గుడ్లప్పగించి కూర్చునేవాళ్లం.

అలా అక్కతో పని పడనిది ఇంకొకటి ‘ఏక్ అనేక్ ఔర్ ఏక్తా’. విజయ ములే 1974లో తీసిన చిన్న బొమ్మల సినిమా. అందులోనూ ఒక అక్కే తమ్ముడికి విడమరిచి చెబుతుంది. వలలో చిక్కిన పక్షులు వలతో సహా ఎగిరిపోతాయి, ఎలుకలు ఆ వల కొరికేస్తాయి. వెనక నిలబడి చూస్తున్న మా పెదనాన్న, “ఇది చిత్రగ్రీవుడి కథ కదర్రా! చిన్నయసూరి మిత్రలాభంలో ఉంది” అన్నాడు. ఆ తర్వాత ఆ సినిమాలోని పాట ఎప్పుడొచ్చినా మా సొంత పాటలాగే పాడుకున్నాం.

‘మాల్గుడి డేస్’ సీరియల్ సంగతి సరేసరి. శంకర్ నాగ్ దాన్ని కర్ణాటకలోని ఆగుంబెలో తీశారు. ఆ పెంకుటిళ్లు, వీధి అరుగులు, నాన్న గొంతు వినపడగానే పుస్తకం పట్టుకునే పిల్లాడు స్వామి - అన్నీ మా ఇంట్లోవే.

ఇదంతా విని పిల్లలకు భాషతో పనేముందనుకోకండి. అక్క పరీక్షకు వెళ్లిన రోజు, తెలియని కథ వస్తే బొమ్మలు చూసి లేచి వచ్చేసేవాళ్లం. సగం ఆకలితో విస్తరి ముందు నుంచి లేచినట్టుండేది.

మాకు పదేళ్ల ముందే తెలుగు పిల్లలకు తెలుగులో టీవీ వచ్చిందని పెద్దయ్యాక తెలిసి కడుపు తరుక్కుపోయింది. 1975 ఆగస్టు 1న ‘సైట్’ అనే ఉపగ్రహ టీవీ ప్రయోగం మొదలైంది. అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 ద్వారా ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకు కార్యక్రమాలు అందాయి. అందులో ఆంధ్రప్రదేశ్ పల్లెలూ ఉన్నాయి. ఊరికో టీవీ, దానికి కోళ్లగూటి జాలీతో చేసిన పదడుగుల గొడుగులాంటి యాంటెన్నా. పొద్దున గంటన్నర సేపు బడి పిల్లల కోసమే. అందులో తెలుగుకూ విడిగా వాటా ఉండేది. ఏడాది తిరిగి 1976 జూలై 31 రాగానే ప్రయోగం ముగిసింది, ఉపగ్రహం వెళ్లిపోయింది. బడి పిల్లల ముందు తెర ఆగిపోయింది.

ఇప్పుడు మనకు యాదగిరి, సప్తగిరి అని రెండు దూరదర్శన్ చానళ్లున్నాయి. వాటిని నడిపే పెద్దలకు ఒక విన్నపం. గంటన్నర అడగడం లేదు. మన కథలను మన మాటల్లో, మన పిల్లల కోసమే తీసి రోజూ ఒక్క అరగంట చూపించండి.