భౌతికశాస్త్రం చదివితే ఏమి లాభం?

ఈ ప్రశ్న మన ఇళ్ళలో వినపడనిది కాదు. కోవిల్‌పట్టిలో అగ్గిపెట్టెల పని, విరుదునగరంలో నూనెలు, మిరపకాయలు, పప్పుల వర్తకం, చుట్టూ నల్లరేగడిలో పత్తి సేద్యం చేసుకొని తరతరాలుగా నిలదొక్కుకొన్నవారం మనం. పిల్లలు ఇంజనీరింగు చదువుతామంటే సంతోషిస్తాము. డాక్టరు చదువంటే ఇంకా సంతోషిస్తాము. అబ్బాయో అమ్మాయో "ఫిజిక్సు చదివి పరిశోధన చేస్తాను" అంటే మాత్రం పెద్దవాళ్ళం ఒకరి ముఖం ఒకరు చూసుకొంటాము. మేమూ ఆ పెద్దవాళ్ళలో చేరినవారమే గనుక ఎవరినీ తప్పుపట్టబోము. డబ్బు చాలని దేశంలో, కంటికి కనబడని వాటిని వెదుకుతూ కూర్చుంటే పూట గడుస్తుందా అన్న భయం అర్థంలేనిది కాదు. అయితే దానికి జవాబు మన జిల్లాలోనే ఒకటి ఉన్నది.

శ్రీవిల్లిపుత్తూరుకు ఉత్తరంగా, పడమటి కనుమల దాపున వత్తిరాయిరుప్పు అనే ఊరున్నది. వత్రాప్ అన్నా అదే. నేడు విరుదునగరం జిల్లాలో చేరిన ఆ ఊళ్ళో 1898 డిసెంబరు 4న కరియమాణిక్యం శ్రీనివాస కృష్ణన్ జన్మించినారు. శ్రీవిల్లిపుత్తూరు హిందూ హైస్కూలు, మదురై అమెరికన్ కాలేజీ, మద్రాసు క్రైస్తవ కళాశాల, ఇవీ ఆయన ఎక్కిన మెట్లు. క్రైస్తవ కళాశాలలో చిన్న ఉద్యోగం చేస్తూ, మధ్యాహ్న భోజనపు వేళ విద్యార్థులను చుట్టూ కూర్చోబెట్టుకొని, ఏ ప్రశ్నయినా అడగండి అనేవారట. పక్క కాలేజీల పిల్లలు కూడా వచ్చి చేరేవారట. ఆపైన 1920లో కలకత్తా వెళ్ళి, 1923లో సి.వి. రామన్ వద్ద పరిశోధనకు కుదిరినారు.

ఆ పరిశోధన జరిగిన చోటు సర్కారు కట్టించినది కాదు. మహేంద్రలాల్ సర్కార్ అనే వైద్యుడు నలుగురి దగ్గర చందాలు పోగుచేసి 1876లో స్థాపించిన విజ్ఞాన సంఘం అది. విశాఖపట్నంలో బాల్యం గడిపిన రామన్, 1907లో కలకత్తాకు లెక్కల శాఖ ఉద్యోగిగా వచ్చి, ఆఫీసుకు ముందూ తరువాతా అక్కడ ప్రయోగాలు చేసుకొనేవారు.

1928 ఫిబ్రవరిలో రామన్, కృష్ణన్ ఇద్దరూ చేసిన పని ఇది. ఎండను దుర్భిణి అద్దంతో ఒకచోటికి చేర్చి, రంగుటద్దం గుండా వడగట్టి, శుద్ధిచేసిన ద్రవంలోకి పంపినారు. ద్రవం చెదరగొట్టిన వెలుగులో చాలాభాగం వచ్చిన రంగుతోనే పోయినది. అతి స్వల్పభాగం మాత్రం ద్రవంలోని అణువులతో శక్తిని ఇచ్చిపుచ్చుకొని రంగు మార్చుకొన్నది. సుమారు 60 ద్రవాలను పరీక్షించి చూచినారు. ఇద్దరి పేర్లతో ఆ వార్త 1928 మార్చి 31న ‘నేచర్’ పత్రికలో అచ్చయినది. 1930లో రామన్‌కు నోబెల్ బహుమానం వచ్చినది.

మొదట వాడిన సామగ్రి ఎండ, గాజు, మనిషి కన్ను. ఎండకు మన సీమలో కరువా? కరువైనది వేరొకటి. తోచినది చెప్పుకోవడానికీ, తప్పయితే తప్పని చెప్పించుకోవడానికీ తగిన నలుగురు మనుషులు. కలకత్తాలో వారు ఉండినారు. అదే 1928లో కృష్ణా జిల్లాకు చెందిన సూరి భగవంతం కూడా రామన్ వద్దకు చేరినారు. 1932లో వాల్తేరుకు వచ్చి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో అట్టి శిష్యబృందాన్నే తయారుచేసినారు.

మద్రాసులోనూ ఇదే జరిగినది. అల్లాడి రామకృష్ణన్ మైలాపూరులోని తమ ఇంట్లోనే విద్యార్థులను చేర్చి భౌతికశాస్త్ర గోష్ఠులు నడిపేవారు. 1960లో డెన్మార్కు శాస్త్రవేత్త నీల్స్ బోర్ వచ్చి చూచి మెచ్చుకొన్నారు. ఆ గోష్ఠి నుండే 1962 జనవరి 3న గణితశాస్త్ర సంస్థ వెలసినది. అప్పటి ముఖ్యమంత్రి మన విరుదునగరంలో పుట్టిన కామరాజు. ముందు మనుషులు కూడినారు, భవనం తరువాత వచ్చినది.

కృష్ణన్ మాటకు వద్దాము. 1947లో ఢిల్లీ జాతీయ భౌతిక ప్రయోగశాలకు ఆయన మొదటి డైరెక్టరయినారు. 1961లో మరణించేవరకు ఆ బాధ్యత మోసినారు. మన దేశపు మీటరుకు, కిలోకు, గడియారానికి ప్రమాణం చూపే చోటు అదే. కోవిల్‌పట్టి అంగట్లో వేరుసెనగ మిఠాయి తూచే తూకానికి ఆధారం చివరకు అక్కడ తేలుతుంది. ఓటు వేసిన వేలికి పెట్టే చెరగని సిరా కూడా ఆ ప్రయోగశాలలో రూపొందినదే. ఏమి లాభం అన్నవారు తమ వేలు చూసుకోవచ్చును.

అయితే శాస్త్రజ్ఞులు తమలో తాము మాట్లాడుకొంటే చాలదని చెప్పే కథ కూడా మన పక్కనే ఉన్నది. 1965లో కోలారు బంగారు గనిలో, సుమారు రెండు కిలోమీటర్ల పైచిలుకు లోతున, వాతావరణంలో పుట్టే న్యూట్రినోల జాడ పట్టినారు. ఆ గని 2001లో మూతపడినది. తేని జిల్లా పొట్టిపురం వద్ద కొండను తొలిచి, 50,000 టన్నుల ఇనుముతో కొత్త ప్రయోగశాల కట్టడానికి 2015లో కేంద్ర మంత్రివర్గం సుమారు 1,500 కోట్ల రూపాయలు ఆమోదించినది. కొండ పేల్చితే నీళ్ళు పోతాయేమో, అడవి పాడవుతుందేమో అని పల్లెవాసులు భయపడినారు. కేసులు నడిచినవి. కనుమల అడవులనూ పులుల దారినీ చూపి, అనుమతించలేమని రాష్ట్ర ప్రభుత్వం 2022లో సుప్రీంకోర్టుకు తెలిపినది.

ఎవరిది న్యాయం అని తీర్పు చెప్పడం మా పని కాదు. నీళ్ళకోసం భయపడే రైతు మూఢుడు కాడు. న్యూట్రినోకోసం తపించే శాస్త్రజ్ఞుడు ద్రోహి కాడు. కొలతలు గీయకముందే ఇద్దరూ ఒక రచ్చబండ మీద, ఒకరికొకరు అర్థమయ్యే మాటలో చాలాకాలం కూర్చొని ఉండవలసినది. ఆ మాట మాట్లాడగల పల్లె పిల్లలు శాస్త్రంలోకి ఎక్కువమంది పోలేదు. పోనివ్వనివారిలో మనమూ ఉన్నాము.

కాబట్టి ఇంట్లో పిల్ల ఫిజిక్సు చదువుతానంటే, ఏమి లాభం అని తరువాత అడుగుదాము. ముందు "ఎవరి దగ్గర చదువుతావమ్మా, నీతో చర్చించేవారు ఎవరున్నారు?" అని అడుగుదాము. ఎవరూ లేరంటే, నెలకొక సాయంకాలం సంఘం గది తాళం తీసి, మన ఊరి కాలేజీ మేష్టరు ఒకరిని పిలిచి, పది కుర్చీలు వేయించుదాము. వత్రాప్ కుర్రవాడు మద్రాసులో మొదలుపెట్టినది కూడా అంతకంటె పెద్దది కాదు.